వినే మనిషి

పొయ్యి మీద టిఫిన్‌కి బియ్యప్పిండీ కొబ్బరీ కలిపిన పుట్టు ఆవిరికి ఉడుకుతోంది. పక్క గట్టు మీద ల్యాప్‌టాప్ తెరిచి, మొగుడి పెదాలు ఎప్పుడు విడిపడ్డాయో వెతుకుతోంది సజిత. అతని యూట్యూబ్ ఇంటర్వ్యూల రికార్డింగ్ మొదట్లో ఒక్కసారి చప్పట్లు కొట్టమని రెండేళ్ళుగా మొత్తుకుంటోంది. మూడు కెమెరాలు, విడివిడిగా మైకులు. ఆ ఒక్క చప్పుడుంటే బొమ్మా మాటా చిటికెలో కలుస్తాయి. "పెద్దవాళ్ళ ముందు చప్పట్లా? నేనేమన్నా కోతినాడించేవాణ్ణా?" అంటాడు ప్రశోభ్. ఆయనగారి పరువు నిలుస్తుంది, ఈవిడ పూటంతా పెదాలు చూడ్డంతో సరిపోతుంది.

కిందటిసారి కోజికోడ్ హోటల్లో ఏసీ రొద. అంతకుముందు షార్జా నుంచి ఫోన్లో ఆగి ఆగి కదిలిన అతిథి. ఈసారి పాలా ఊళ్ళో, అందరూ చేచ్చి, అంటే అక్క, అని పిలిచే ఏలియమ్మ ఇంటి వరండా, వెనక కోళ్ళు. ఎక్కడ తీసినా అంతా ఒకే గదిలో కూర్చున్నట్టు వినపడాలి. "కూర్చుని బొమ్మలు చూడ్డం కూడా ఓ పనేనా? నేనూ చేస్తా," అంటుంది అత్తగారు, టిఫిన్ ఇంకా కాలేదేమని అడగబోతూ.

అసలు పని ఇంకొకటుంది. ప్రశోభ్‌కి ఎదుటివాళ్ళ మాట పూర్తికానిస్తే ఊపిరాడదు, అందులోనూ ఆడవాళ్ళదైతే మరీనూ. సజిత అతను అడ్డుపడ్డ చోటల్లా కత్తిరించి, అక్కడ ఇంకెప్పుడో తలూపిన బొమ్మ తెచ్చి అతికిస్తుంది. 'ఇంత ఓపిగ్గా వినే మగాణ్ణి చూడలేదు' అని కింద జనం రాస్తారు. ఆ ఓపిక ఆమె కుట్టిపెట్టింది. యాభయ్యో ఎపిసోడ్‌లో లైట్లు అద్దెకిచ్చినవాడికీ టీకొట్టువాడికీ దణ్ణాలు పెట్టాడు. "చేట్టా, చివర్లో నా పేరూ వెయ్యండి," అని మొగుణ్ణి అడిగింది సజిత. "ఇంటిమనిషికి పేరేమిటే? పెళ్ళాం చేత చేయించుకుంటున్నాడని నవ్వరూ?" అన్నాడు. అప్పుడు నోరు మూసుకున్నందుకు ఇప్పటికీ తన మీద తనకే కోపం.

ఏలియమ్మ చేచ్చి నలభై ఏళ్ళు నర్సు. రాత్రంతా నిలబడే పనిచెయ్యాలని కుర్చీలు తీయించేసిన ఆస్పత్రి గురించి చెప్పబోయింది. నాలుగుసార్లు మొదలుపెట్టింది. నాలుగుసార్లూ, "అంటే చేచ్చీ, మీరు చెప్పేదేమిటంటే..." అని ప్రశోభే చెప్పాడు. అయిపోయాక మైకు విప్పుతున్న సజిత చెయ్యి పట్టుకుందావిడ. "మోళే, నా తల్లీ, నా మాట ఒక్కటీ చివరిదాకా పోలేదు. అతుకులేసి నేను పూర్తిగా చెప్పినట్టు చెయ్యకు. అడ్డం పడ్డది కూడా జనాన్ని చూడనీ." సజిత నవ్వి మైకు తీగ చుట్టుకుంది.

ఇప్పుడు, కెమెరాలు ఆపి సజిత లైట్లు సర్దుతున్నంతసేపూ నడిచిన మైకులో, అప్పుడు తను వినని ఇంకో ముక్క వినపడింది. "ఆ పిల్ల బాగా కష్టపడుతోంది," అంటోంది చేచ్చి. "ఎవరు, సజితా? బటన్లు నొక్కుతుంది. ఇంట్లో తోచక కూర్చుంటే నేనే పెట్టాను," అంటున్నాడు ప్రశోభ్.

ఎనిమిదేళ్ళు టీవీ చానెల్లో ఎడిటింగ్ చేసిన చెయ్యి ఆగిపోయింది. నీళ్ళు ఇగిరిపోయి పుట్టు కుండ మాడు వాసన వేసింది. పొయ్యి కట్టేసింది కానీ ఇంకో కుండ ఎక్కించలేదు.

బొమ్మకి మాట కలిపింది. హెచ్చుతగ్గులు సరిచేసింది, కోళ్ళ గోల తగ్గించింది. తన గురించి అన్న ఆ ముక్క పక్కన పెట్టేసింది, అది జనానికి అక్కర్లేదు. మిగతా గంటన్నరలో ఒక్క మాట కొయ్యలేదు, ఒక్క తలూపు అతకలేదు. అలాగే యూట్యూబ్‌లోకి ఎక్కించేసి, టీ పెట్టుకుని కూర్చుంది.

మధ్యాహ్నం పన్నెండింటికి, ఆమె రెండో టీ తాగుతుండగా, ఇంటి వరండాలోంచి ప్రశోభ్ కేక వినపడింది. "సజితా! నన్ను తిట్టిపోస్తున్నారు! ఇదేమిటి, ఎడిటింగే చెయ్యలేదా?"

"చేశాను చేట్టా," అంది, కప్పు దించకుండానే. "ఈసారి నన్ను తీసేశాను."