పదకొండు అంగుళాలు

వెయికో ఇంటి గోడ వెంట ఐలి పారతో మంచు తోడుతుండగా, ట్యాంకు నుంచి గ్యాసు తెచ్చే రాగి గొట్టం బయటపడింది. ఇంటికప్పు నుంచి జారిన మంచుదిబ్బ కింద అది జానెడు మేర నలిగి చదునైపోయింది. హీటరుకు గ్యాసు చాలకపోవడం ఇందుకే. ఆ ముక్క కోసి కొత్తది వేస్తే గంట పని.

బూట్లు దులుపుకుని లోపలికి వెళ్లింది.

హీటరుకు ఎదురుగా మంచం వేశారు. మూడు దుప్పట్ల కింద వెయికో ఒక పక్కకు తిరిగి ఉన్నాడు. హీటరు అద్దం వెనక మంట వేలెడెత్తు కూడా లేదు.

“ఆసుపత్రికి పదమంటే వినడు,” అంది అతని భార్య హిల్మా, వంటగది గుమ్మంలో గొంతు తగ్గించి. “ఇక రోజులే అన్నాడు డాక్టరు. ఆ రోజులు చలిలో గడవకూడదే అమ్మాయ్.”

ఐలికి యాభై ఆరు. కీళ్ల దగ్గర పగిలిన చేతులు, ఎడమ మోకాలికి పట్టీ. పెళ్లి చేసుకోలేదు. పిల్లలున్నవాళ్లు ఇంట్లో ఉండాలని ప్రతి క్రిస్మస్‌కీ డ్యూటీ తనే వేయించుకునేది. ముప్ఫై ఏళ్ల కిందట ఆడదానికి గ్యాసు పనేమిటని కంపెనీ షెడ్డులో అందరూ నవ్వుతుంటే, తన లారీ తలుపు తెరిచి “ఎక్కు” అన్నది ఈ వెయికోనే.

“వచ్చావా పిల్లా? ఏం కనిపెట్టావు?”

నోటిదాకా వచ్చిన మాట మింగేసింది ఐలి. “అంతు చిక్కట్లేదు బాబాయ్. నువ్వు చెప్పు, చేస్తాను.”

“ముప్ఫై ఏళ్ల సర్వీసు గంగలో కలిసింది!” ముసలాయన కళ్లలోకి వెలుగొచ్చింది. “కొలగొట్టం తగిలించు.”

గ్యాసు ఒత్తిడి కొలిచే నీటిగొట్టాన్ని హీటరు దగ్గర తగిలించింది. హీటరు ఆపితే నీళ్లు పదకొండు అంగుళాలు లేచాయి, ఉండాల్సినంత. వెలిగిస్తే ఆరుకు పడిపోయాయి.

“ఇప్పుడు ట్యాంకు దగ్గర, రెగ్యులేటరు పక్కన చూడు. హీటరు మండుతూనే ఉండాలి.”

అబద్ధపు అంకె చెబితే పసిగడతాడు. ఐలి మళ్లీ చలిలోకి వెళ్లి, నిజంగానే కొలిచి వచ్చింది.

“పదకొండు. కదల్లేదు.”

వెయికో ఊపిరి కూడదీసుకున్నాడు. “ట్యాంకు మంచిదే, రెగ్యులేటరు మంచిదే. మధ్యలో గొట్టం నలిగింది. కప్పు మంచు పడేచోట తవ్వు, మొద్దూ!”

“అయ్యో, నాకు తట్టనేలేదు చూడు.”

ట్యాంకు వాల్వు మూసి, నలిగిన ముక్క కోసి, కొత్తది బిగించింది. మళ్లీ గ్యాసు వదిలి, అతుకుల మీద సబ్బునీళ్లు పూసింది. ఒక్క బుడగ రాలేదు. లోపల మంట నీలంగా నిటారుగా లేచింది. గది కాగాక హిల్మా ఒక దుప్పటి తీసేసి కాఫీ తెచ్చింది. పాతకాలపు అలవాటు ప్రకారం వెయికో చక్కెర బిళ్లను పళ్ల మధ్య పట్టుకుని ఒక గుక్క పీల్చి, బిళ్లను సాసరులో పెట్టేశాడు.

“నువ్వు లోపలికి రాకముందే నీ పార చప్పుడు గొట్టం దగ్గర ఆగింది,” అన్నాడు మెల్లగా. “వినపడిందిలే.”

ఐలి చెవులు ఎర్రబడ్డాయి. “మరి అప్పుడే చెప్పలేదేం?”

“నువ్వు అంత ముద్దుగా అడుగుతుంటేనూ...”

నవ్వుతూనే కళ్లు మూసుకున్నాడు. ఐలి మంచం పక్కన నేలమీద కూర్చుని సర్వీసు చీటీ రాయసాగింది. రాయడం పూర్తయ్యేసరికి, గదిలో హీటరు సన్నటి రొదే గానీ అతని ఊపిరి వినిపించలేదు. అతని మణికట్టు పట్టుకుని చూసింది. చెయ్యి వెచ్చగానే ఉంది, నాడి లేదు. హిల్మా వచ్చి రెండో వైపు కూర్చుని, ఆ రెండో చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది. హీటరు తగ్గించాలని ఇద్దరికీ అనిపించలేదు.

సాసరులో చక్కెర బిళ్ల, ఒక అంచు కాఫీరంగు తిరిగి, సగం కరిగి ఉంది.