రెండో కొస పట్టేదెవరు

అన్యాయం అమెరికాలో, టెక్సస్‌లోని ప్లేనోలో జరిగింది. అదీ మైకులో, అందరూ వింటుండగా.

"ఈ బాంధనీ చీరలో ప్రతి ముడీ నా చేత్తో వేసిందే!" అంది అసోసియేషన్ ప్రెసిడెంటు గీతాంజలి. హాలంతా చప్పట్లు.

వెనక వరసలో ఏడుగురు ఆడవాళ్లు మొహాలు చూసుకున్నారు. చలికాలమంతా ఆవిడ గరాజ్‌లో కూర్చుని, తెల్లబట్టను గోటితో చిటికెడు చిటికెడుగా పైకి లాగి దారం చుట్టింది వాళ్లు. డిగ్రీలున్నవాళ్లే, వీసా పని చెయ్యనివ్వనివాళ్లే. దీని పేరు వాలంటీరింగ్.

వాళ్లలో శశికళకి ఒళ్లు మండింది. దోపిడీకి కాదు, తమతోపాటే ముడులు వేసి ఇప్పుడు స్టేజి మీద గీతాంజలి పక్కన నిలబడ్డ కావ్యశ్రీని చూసి. ఈ పని కోసం తను చిటికెనవేలి గోరు పెంచింది. కావ్యశ్రీ మాల్‌లో అతికించుకొచ్చింది. అతికించిన గోరు ముందు, పెంచిన గోరు వెనక!

"అక్కా, జెలసీ కనబడ్తాంది," అంది విద్య.

"నీకు లేదా?"

"కడుపు మండిపోతాంది."

"నాకూనూ," అంది అనురాధ. "గుజరాత్‌లో, రాజస్థాన్‌లో తరతరాలుగా ముడులు వేసింది ఆడవాళ్లే. పెళ్లికూతురికి ఎర్రది, బాలింతకి పసుపుది. ఒక్కరి పేరైనా తెలుసా మనకి?"

అసూయ ఒక్కరికుంటే కుళ్లు. అందరికీ ఒకేసారి వస్తే మీటింగు.

రంగులో ముంచిన బాంధనీకి ముడులు, అసలుదని తెలిసేలా, కొనేవాళ్ల ఎదుటే విప్పాలి. ఇద్దరు చెరో కొసా పట్టి లాగితే దారాలు పటపటా ఊడి చుక్కలు విచ్చుకుంటాయి. గీతాంజలి రెండో కొస కావ్యశ్రీకి చాచింది.

"కావ్యా, మన పేర్లు చెప్పేదాకా పట్టకు!" అని వెనక వరస లేచింది.

కావ్యశ్రీ చేతులు కట్టుకుంది. ఆ తెగువ తనకంటే ముందు దానికొచ్చినందుకు శశికళ మళ్లీ కుళ్లుకుంది.

"శశీ, నువ్వు రామ్మా. నెక్స్ట్ ఇయర్ మైక్ నీదే," అంది గీతాంజలి.

శశికళ ఎక్కింది. చలికాలమంతా కోరుకున్నదిదే. కొస తీసుకుంది, మైకూ తీసుకుంది.

"ఈ ముడులు వేసింది మేం ఎనిమిదిమందిమి. విద్య, అనురాధ..."

మైకు ఆగిపోయింది. గీతాంజలి భర్త వైరు పీకేశాడు. మిగతావాళ్లు ఎవరి పేరు వాళ్లే అరిచారు.

"పోలీసుల్ని పిలుస్తా! వీసా మీదున్నారు, గుర్తుపెట్టుకోండి!" అంది గీతాంజలి.

ఇన్నాళ్లూ గరాజ్‌లో నోళ్లు మూయించింది ఈ మాటే. ఈసారి శశికళ ముడుల చీరని ఒళ్లో వేసుకుని స్టేజి మీద కూర్చుంది. మిగతా ఏడుగురూ వచ్చి చుట్టూ కూర్చున్నారు. కావ్యశ్రీ సరిగ్గా మధ్యలో.

"జరుగు," అంది శశికళ.

"నువ్వే జరుగక్కా."

పోలీసులొచ్చి లేవమన్నప్పుడు కూడా ఎవరూ జరగలేదు.