ఐవర్ ముంతకు పడ్డ సొట్ట

మా ఊరి పబ్బు పేరు ‘నల్ల పొట్టేలు’. పాత పబ్బులు చూసి తరించాలని పట్నం జనం కొత్త బూట్లు తొడుక్కుని, గుట్టలెక్కి మరీ వస్తారు. ఇక్కడి దూలం నెత్తికి కొట్టుకున్నా మురిసిపోతారు. అదే వాళ్ళింట్లో అయితే మేస్త్రీని నిలబెట్టి కడిగేస్తారు.

ఆ దూలానికి కొక్కేలుంటాయి. రోజూ వచ్చేవాళ్ళ తగరపు ముంతలు వాటికి వేలాడుతుంటాయి. ఎవరి ముంత వాళ్ళదే, ఇంకొకరు ముట్టరు. మనిషి పోతే ఇంటివాళ్ళు తీసుకెళ్ళాలి. మా ఆయన ఐవర్ పోయి రెండు చలికాలాలు దాటినా నేను తీసుకెళ్ళలేదు. ఇంట్లో కంటే అక్కడే ఎక్కువ బతికిన మనిషి, ఇంకాస్త ఉండనీ అనుకున్నాను. మధ్యాహ్నాలు వెళ్ళి, దాని కింద కూర్చుని, అరగ్లాసు బీరు తాగుతూ ఆయన్ని తిట్టుకునేదాన్ని. బతికుండగా ప్రతి మాటకీ ఎదురు చెప్పేవాడు. ఇప్పుడు బుద్ధిగా వింటున్నాడు.

ఓ ఆదివారం నేనలా కూర్చుని ఉండగా, పట్నం నుంచి రూపర్ట్, ఇమోజెన్ అనే జంట దిగింది. రూపర్ట్ దూలం వైపు చూసి, పబ్బు నడిపే క్లెమెంట్‌ని పిలిచాడు.

“నాకు ఆ సొట్ట ముంతలో పోయండి. ఆ సొట్ట ఎలా పడింది?”

వచ్చినవాళ్ళకి కాదని చెప్పడం క్లెమెంట్ వంశంలోనే లేదు. ఐవర్ ముంత తీసి, నింపి, అతని ముందు పెట్టాడు.

“తుపాకీ గుండండీ. వెనకటి యుద్ధంలో రాజుగారి సిపాయి ఎవడో పేల్చాడు.”

“అయ్యో పాపం,” అంది ఇమోజెన్.

రూపర్ట్ సొట్టని ముద్దుగా నిమిరాడు. “మాతో తీసుకెళ్ళొచ్చా? షోకేసులో పెట్టుకుంటాం.”

క్లెమెంట్ నా వైపు చూడకుండా బల్ల తుడిచాడు. “చూద్దాం లెండి. దానికి ఎలాగూ ఎవరూ లేరు.”

నాకు ఒళ్ళు మండింది. లేచి వెళ్ళాను.

“ఏవయ్యా క్లెమెంట్, ఎవరూ లేరా? మరి నేనెవరిని, నీ కుర్చీ మీద దుమ్మునా?”

“అది కాదు హెస్టరమ్మా...”

“చూడు బాబూ,” అన్నాను రూపర్ట్‌తో, “ఆ సిపాయిని నేనే. మా పెళ్ళిరోజున మా ఆయన ఇక్కడ డార్ట్స్ ఆడుతూ కూర్చున్నాడు. వచ్చి ఈ ముంతే ఆయన నెత్తికి గురిపెట్టి విసిరాను. తప్పి పొయ్యి రాయికి తగిలింది. ఇప్పుడు నా గురి బాగుపడింది.”

రూపర్ట్ ముంత మీంచి చెయ్యి తీసేశాడు.

బీరు వేరే గ్లాసులోకి వంచాను. పారబోస్తే ఐవర్ ఊరుకోడు. ముంత తుడిచి సంచిలో వేసుకున్నాను.

“ఇవాళే తీసుకెళ్ళాలా?” అన్నాడు క్లెమెంట్, నెమ్మదిగా.

“ఇంకెప్పుడు?”

దారంతా ఏడుస్తూనే నడిచాను. పెళ్ళయ్యాక మొదటిసారి, మా ఆయన పొద్దుండగా పబ్బు నుంచి ఇల్లు చేరాడు.