తొమ్మిది మందికి ఒక్క రాక్షసుడు

పునీతన్నకు లెక్కలు రావు. వచ్చనుకుంటాడు, అదే మా ఖర్మ.

మా అన్న రక్షిత్ బెంగళూరు నుంచి హోసూరుకు తెచ్చిన ఆట అది. కథలోకి దిగి, పాచికలు వేసి రాక్షసులతో కొట్లాడాలి. అన్న స్నేహితుడు పునీతన్న కథ నడుపుతాడు, రాక్షసులు అతని చేతిలో. మిగతావాళ్లకు తలా ఒక వీరుడు. ఆట పుస్తకంలోని ఇంగ్లీషు పేర్లకు నోరు తిరగక ఎవరి వీరుడికి వాళ్ల పేరే పెట్టుకున్నాం. అన్న కత్తివీరుడి పేరూ రక్షిత్తే.

రెండు వేల ఆరులో జూజువాడి దగ్గర లారీ గుద్ది అన్న పోయాడు. మేమెవరమూ మళ్లీ పాచికలు ముట్టలేదు. ఒకరోజు అమ్మే పిలిచింది. "ఆడండమ్మా. మీరు ఆడితే ఇంట్లో వాని పేరు వినపడతాది" అంది. అప్పటినుంచి అన్న వీరుణ్ణి నేనే ఆడిస్తున్నాను. ఆదివారం మధ్యాహ్నం మేము "రక్షిత్ తలుపు తీసినాడు, రక్షిత్ గోడెక్కినాడు" అంటుంటే అమ్మ వంటింట్లో గిన్నెల చప్పుడు కూడా ఆపి వినేది. వాణ్ణి బతికించుకోవడమే నా ఆట. గెలుపెవరికి కావాలి?

ఎండాకాలం సెలవులకు పోచంపల్లి నుంచి చిన్నాన్న పిల్లలు దిగారు. ఎంతమంది ఉంటే అంత సందడని అమ్మ పక్కింటివాళ్లనూ పిలిచింది. నలుగురం కాస్తా తొమ్మిది మందిమి అయ్యాం. దాంతో ఆట చెడింది. రాక్షసుడు ఒక దెబ్బ వేసేలోగా మావి తొమ్మిది పడేవి. పాపం, వాడు నోరు తెరవకముందే చచ్చేవాడు. పిల్లలు "ఇంతేనా?" అని ఎగతాళి చేసేసరికి పునీతన్నకు రోషం పొడుచుకొచ్చింది.

"ఈ వారం చూడండప్పా. రాక్షసునికి ఉసురూ రెండింతలు, దెబ్బా రెండింతలు."

"అట్ల వద్దన్నా. ఉసురు పెంచు, దెబ్బ పెంచొద్దు. లేకుంటే చిన్న రాక్షసుల్ని గుంపుగా దించు, అందరికీ పని దొరుకుతాది" అన్నాను.

"నాకు చెప్పొచ్చినావా నువ్వు?"

చెప్పకపోతే ఎట్లా! దెబ్బ రెండింతలు చేస్తే అది తొమ్మిది మందీ పంచుకునేది కాదు, ఒక్కరి నెత్తిన పడుతుంది. వింటేగా మహానుభావుడు.

పిల్లల వీరులంతా వెనక నక్కారు. కత్తివీరుడు ముందు నిలబడాలి కదా, నిలబెట్టాను. పునీతన్న మా స్టీలు పళ్లెంలో పాచికలు వేశాడు. మామూలు దెబ్బైతే రక్షిత్ తట్టుకునేవాడు. ఇది రెండింతలు. ఉసురంతా పోయింది.

పునీతన్న మొహం పాలిపోయింది. పళ్లెంలో చేయి పెట్టి మెల్లగా పాచికలు తిప్పేయబోయాడు. నేను ఆపలేదు. ఆట నియమాలు గంగలో కలవనీ, నాకేం!

"ఏమప్పా, సద్దే లేదు?" వంటింటి గడప దగ్గర అమ్మ నిలబడి ఉంది. "రక్షిత్‌కు ఏమయింది?"

"ఏం లేదత్తా" అన్నాడు పునీతన్న. "చిన్న దెబ్బ. బాగుండాడు."

అమ్మ అతనివైపే చూసింది. కోపం కూడా లేదు ఆ గొంతులో.

"ఆ పొద్దు కూడా ఇదే మాట చెప్పినావు కదప్పా. చిన్న దెబ్బ, ఆస్పత్రిలో బాగుండాడు అని. ఊరంతటికీ తెలిసింది. వాన్ని తెచ్చి వాకిట్లో దించినాక తెలిసింది నాకు. అంతవరకూ నేను, బిడ్డ ఆకలితో వస్తాడని అన్నం వండతా కూర్చున్నా."

పునీతన్న తల దించుకున్నాడు. అమ్మ నావైపు తిరిగింది.

"వినుతా, నువ్వన్నా చెప్పమ్మా. ఈ తూరి నాకు ముందుగా చెప్పండి."

పునీతన్న మీద, లారీ మీద, ఆ దేవుడి మీద కోపమంతా ఏడుపై అడ్డం పడింది. అయినా చెప్పాను.

"రక్షిత్ చచ్చిపోయినాడమ్మా."

అన్నను దించిన రోజు నుంచి మా ఎదుట ఒక్క చుక్క రాల్చని మనిషి, పిల్లల మధ్య చాప మీద కూలబడి, వాడి పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది.