పోగు లేని చెయ్యి

మాట తీసుకుని పోయిన మనిషి తిరిగి రాకపోతే ఆ మాట ఇంకా బతికున్నట్టా, లేనట్టా? తండ్రి పోయినప్పటి నుంచీ ఉమామహేశ్వరకు ఈ సందేహం తీరలేదు. పొద్దున చౌడేశ్వరమ్మ పటం ముందు దీపం పెట్టేటప్పుడు కింద ఉన్న ట్రంకుపెట్టె మీద చూపు పడుతుంది, సందేహం లేస్తుంది. బయటికొచ్చి మగ్గం చప్పుడు వింటే కాస్త అణుగుతుంది.

ఆ పెట్టెలో ఒక చిలకపచ్చ చీర ఉంది. ఎమ్మిగనూరులో వాళ్లది నేత ఇల్లు. తాతల నాటి నుంచి ఇంట్లో ఒక వాడుక. ఎవరైనా చీర మీద చెయ్యేసి ‘ఇది నాది, మళ్లీ వస్తా’ అంటే, ఆ చీర కొంగు చివర నుంచి ఒక పోగు తెంపి చేతికిస్తారు. ఆ పోగు తెచ్చి చూపిన మనిషికే చీర. అంతవరకూ ఇంకెవరికీ అమ్మరు. ఒక కరువు ఏడాది కోసిగి మద్దమ్మ జొన్నల మూట ముందుగానే దించి, పచ్చచీర మీద చెయ్యేసి, పోగును కొంగున ముడేసుకుని కూలికి వలసపోయింది. ఆ జొన్నలు ఈ ఇంట్లో రొట్టెలయ్యాయి. మద్దమ్మ మళ్లీ రాలేదు. పోగే చీరను వెతుక్కుంటూ రావాలి గాని చీర పోగును వెతుక్కుంటూ పోకూడదనేది తండ్రి పద్ధతి. అందుకని కొడుకూ పోలేదు.

ఇప్పుడు శ్రావణం దగ్గర పడుతోంది, ఇంట్లో ఉన్నది ఒకటే మగ్గం. దాని మీద నేసే దేవేంద్రప్ప ముందే చెప్పేశాడు.

“అన్నా, నేసింది నేసినట్టే గూట్లో ఉండాది. శ్రావణం వచ్చేలోగా ఇవి కదలకపోతే నేను బెంగళూరు పోతా. మా బావమరిది వాచ్‌మన్ పని చూసినాడు.”

“కదలకపోవడమేంటప్పా? ఫోన్లో చూడు, అన్నిటి మీదా చెయ్యి పడి ఉండాది.”

“చెయ్యి పడితే సరా? చీర పోవద్దా?”

ఆ మాట ముల్లులా దిగింది. ఉగాది తర్వాత అక్క కూతురు నాగజ్యోతి వాళ్ల చీరలకు ఒక వెబ్‌సైటు చేసి పెట్టింది. కర్నూలు పక్కన కల్లూరులో ఉంటూ కంప్యూటరు పని చేసే పిల్ల. అప్పుడు ఉమామహేశ్వర ఆమెకు ఒకటే షరతు పెట్టాడు, ఇంటి వాడుక తప్పకూడదని. ‘చెయ్యేస్తా’ అన్నచోట ఎవరైనా నొక్కితే ఆ చీర వాళ్లదే, ఇంకొకరు కొనకూడదు, గడువు పెట్టకూడదు. నాగజ్యోతి నసిగినా అట్లే చేసింది. వారం తిరక్కుండానే చీరలన్నిటి కిందా ‘చెయ్యి పడింది’ అని వచ్చేసింది. అతడు పొంగిపోయి అమ్మవారికి టెంకాయ కొట్టాడు. ఆ తర్వాత ఒక్కరూ తిరిగి రాలేదు. కొనేవాళ్లు ఫోన్ చేసి “ఒక్క చీరా ఖాళీ లేదేమప్పా” అంటే, మాటిచ్చేశామని అతడే కాదనేశాడు. రాత్రి నిద్ర పట్టదు. కూర్చుంటే లేస్తాడు, లేస్తే ఫోను తీస్తాడు.

“ఆ ఫోనుకు దిష్టి తగులుతుంది, అట్ల చూడొద్దు,” అంది భార్య శివలీల. “కల్లూరుకు పోయి ఆ పిల్లనే అడగరాదా?”

మర్నాడు బస్సెక్కాడు.

నాగజ్యోతి మేనమామకు మజ్జిగిచ్చి కంప్యూటరు తెరిచింది. సైటుకు ఎవరెవరు వచ్చిపోయారో చూపే వరసలను పైకీ కిందికీ తిప్పింది. ఉన్నట్టుండి నవ్వింది.

“మామా, చెయ్యేసినోళ్లలో మనుషులే లేరు.”

“దయ్యాలా?”

“నెట్‌లో అడిగింది వెతికిపెట్టే కంపెనీ యంత్రం మామా. ఏ సైటులో ఏముందో చూసుకునేదానికి ఊరూరా తిరుగుతుంటాది. లింకు కనపడితే చాలు, లోపలికి పోతాది. నువ్వు పెట్టమన్న ‘చెయ్యేస్తా’ గూడా దానికి ఒక లింకే.”

“ఒకటే యంత్రమైతే ఒకటే చీర పట్టాల. అన్నీ ఎట్ల పట్టింది?”

నాగజ్యోతి అతని జేబులోని ఫోను వైపు చూపించింది. “మన ఇంట్లో పోగు ఇస్తాము కదా. సైటు గూడా వచ్చినోళ్లకు అట్లాంటిదే ఒకటి ఇస్తాది, కుకీ అంటారు. నీ ఫోను దాన్ని దాచుకుంటాది. మళ్లీ పోయినప్పుడు చూపిస్తాది, సైటు నిన్ను గుర్తు పడతాది. ఈ యంత్రం దాచుకోదు. గడప దాటంగానే పారేస్తాది. ఇంకో లింకు పట్టుకొని వస్తే సైటుకు అది కొత్త మనిషే. ఇంకో పోగు, ఇంకో చీర.”

“వచ్చిన సంగతే దానికి గుర్తుండదా?”

“చీరలు గుర్తుంటాయి. మనం ఇచ్చిన పోగు గుర్తుండదు.”

ఉమామహేశ్వర మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. లేచి గుమ్మం దాకా పోయి వచ్చాడు. “దానికి గుర్తు లేకపోవచ్చు. ఇచ్చింది మనం కదమ్మా. ఇచ్చి వెనక్కి తీసుకుంటే అమ్మవారు ఊరుకుంటాదా?”

“మామా, సంతలో జనం తోసుకుంటాంటే ఎవరి చెయ్యో చీరకు తగులుతాది. వాళ్లకంతా పోగు ఇస్తామా? కావాలని అడిగినోళ్లకు కదా. ఇది అడగలేదు. మనమే దాని చేతిలో పెట్టినాము. గడువు లేకుండా పెట్టమన్నది ఎవరో గూడా చెప్పల్నా?”

అతడు తల గోక్కున్నాడు. “తీసెయ్ అయితే. మళ్లీ రాకుండా తలుపేస్తావా దానికి?” అన్నాడు.

“తలుపేస్తే మనకే నష్టం. అది చూసి పోతేనే ఎమ్మిగనూరు చీర అని అడిగినోళ్లకు మన పేరు చెప్తాది. చీరలు చూడనిస్తా. చెయ్యేసే కాడికి రావద్దని రాసిపెడతా. లింకు తీసేసి బటన్ పెడతా, మామూలుగా అది బటన్ల జోలికి పోదు. మనుషులకు మాత్రం ఒక దినం గడువు. ఒప్పుకుంటావా?”

ఒప్పుకున్నాడు. నాగజ్యోతి పని మొదలుపెట్టింది. ఒక్కో చీర కింద ‘చెయ్యి పడింది’ పోతుంటే అతడు కళ్లు మూసుకుని అమ్మవారి పేరు తలుచుకున్నాడు. బస్సు ఎమ్మిగనూరు చేరేలోగా రెండు చీరలకు దుడ్లు కట్టేశారని ఆమె ఫోన్ చేసింది. ఆ మాట దేవేంద్రప్పకు చెబితే అతడు మగ్గం దగ్గరికి పోయాడు. కొత్త పోగులు అతకడానికి కూర్చున్నాడు.

అయినా ఉమామహేశ్వరకు కాలు నిలవలేదు. గుర్తులేని యంత్రం ఊరూరా తిరుగుతోంది. అన్నీ గుర్తున్న తాను గడప దాటడం లేదు. పోగు ఇవ్వాల్సింది అడిగినవాళ్లకే అయితే, మద్దమ్మ నోరు తెరిచి అడిగింది, జొన్నలూ ఇచ్చింది. పొద్దున దీపం పెట్టి ట్రంకుపెట్టె తెరిచాడు.

“కొంచెం ముందే తెరవాల్సింది,” అంది శివలీల, చీర చుట్టడానికి కొత్త తువ్వాలు ఇస్తూ.

కోసిగి స్టేషను దగ్గర టీ అంగడిలో అడిగితే నవ్వారు. “ఏ మద్దమ్మప్పా? ఈడ ఆ పేరుతో పిలిస్తే సగం ఊరు పలుకుతాది.”

“ఎమ్మిగనూరులో పచ్చచీర మీద చెయ్యేసిన మద్దమ్మ.”

“ఓ, చీర కత చెప్పే మద్దమ్మనా? కొండ కింద ఇల్లు. ఉండాది, పో.”

మద్దమ్మ వాకిట్లో చేట పట్టుకుని కొర్రలు చెరుగుతోంది. జుట్టంతా నెరిసింది. అతడు పేరు చెబుతుంటే చేట ఆపి, తువ్వాలు వైపే చూసింది.

“పోగు పోయిందప్పా. గుంటూరు సైడు మిరపకోతకు పోయింటిమి. కొంగు ముళ్లకు తగులుకొని చినిగిపాయ, పోగు గూడా దాంతోనే పాయ. పోగు లేకుండా మీ నాయన ముందర ఏ మొగం పెట్టుకొని నిలబడేది?”

“పోగు ఇచ్చేది ఎందుకమ్మా, మేము మర్చిపోకుండా ఉండేదానికి. మేము మర్చిపోలేదు.”

“మర్చిపోకుంటే ఇన్నేండ్లు యాడ పోయింటివి?”

అతడు తువ్వాలు విప్పి చీరను రెండు చేతులతో అందించాడు. మద్దమ్మ కొంగు విప్పి, చివరి దారాలను ఒక్కొక్కటే వేలితో తడుముతూ పోయింది. ఒకచోట పోగు తెగి ఉంది. వేలు అక్కడే ఆగింది.

“ఇదే,” అంది.

కొంగు మడుస్తూ, “జొన్నలు బాగుండెనా?” అని అడిగింది.

“బాగుండె. ఇంటిల్లిపాదీ తింటిమి.”

మద్దమ్మ తలూపి, చీరను భుజాన వేసుకుని, చేట మళ్లీ చేతిలోకి తీసుకుంది.