నల్లరాతి తెగులు

ప్రొఫెసర్ ప్రేమ్‌చంద్ గది తలుపు తట్టకుండానే ఫర్హానా లోపలికి దూసుకెళ్లింది. ఆయన దగ్గర పరిశోధనకు చేరాక అలా వెళ్లడం అదే మొదటిసారి. వెనకాలే తోటి పరిశోధకుడు కోటేష్, చేతుల్లో నల్ల గ్రానైటు పలకతో, దొరికిపోయిన దొంగలా వచ్చి నిలబడ్డాడు.

"రేపు యాప్ విడుదల చెయ్యొద్దు సార్. అది మిరపాకును చూడటం లేదు."

"మరి దేన్ని చూస్తోందమ్మా?" అన్నాడాయన, ఆహ్వానపత్రం మీంచి తల ఎత్తకుండా.

"ఈ రాయిని."

విశ్వవిద్యాలయంలోని వాళ్ల కృత్రిమ మేధ ప్రయోగశాల తయారుచేసిన యాప్ అది. రైతు మిరపాకు ఫోటో తీస్తే, ఆకులు ముడుచుకుపోయే బొబ్బర తెగులు సోకిందో లేదో చెప్పాలి. సోకిన మొక్కను వెంటనే పీకెయ్యాలి. ఉంచితే తెల్లదోమ ఆ తెగులును చేనంతా అంటిస్తుంది. యంత్రానికి నేర్పడానికి వేల ఫోటోలు తీశారు. మంచి ఆకులను విశ్వవిద్యాలయపు తోటలో, మొక్క మీద ఉండగానే తీశారు. తెగులు ఆకులను మాత్రం అద్దంకి చుట్టుపక్కల చేలనుంచి సంచుల్లో తెచ్చి, ప్రయోగశాలలో ఈ పలక మీద పరిచి తీశారు. మార్టూరులో రాళ్లకు పాలిష్ పట్టే తన బాబాయి దగ్గర అడిగి దాన్ని తెచ్చింది కోటేషే. నల్లటి నునుపు మీద ఆకు ఎంత అందంగా పడిందోనని అందరూ మెచ్చుకున్నారు, ఫర్హానా కూడా. పరీక్షకు పక్కన పెట్టిన ఫోటోలు సైతం ఆ కుప్పలోవే కనుక ఫలితం నూటికి దగ్గరగా వచ్చింది. మిఠాయిలు పంచుకున్నారు.

యాప్‌ను ముందుగా వాడి చూస్తున్న రైతుల్లో ఒకరు ఆ ఉదయమే దొన్నెల్లా ముడుచుకుపోయిన ఆకుల ఫోటో పంపారు. దాని కింద యాప్ తీర్పు: 'ఆరోగ్యకరం.'

ఫర్హానా పలకను బల్లమీద పెట్టించి, ఆకేదీ లేకుండానే ఫోటో తీసింది. తెర మీద ఎర్రటి అక్షరాలు వెలిగాయి: బొబ్బర తెగులు. తన కారియర్లోంచి కరివేపాకు రెబ్బ తీసి పెట్టింది. బొబ్బర తెగులు. ప్రొఫెసర్ గారి కళ్లజోడు తీసి పెట్టింది. దానికీ బొబ్బర తెగులే.

"చూశారా సార్? మీ కళ్లజోడును పీకి పారెయ్యమంటోంది."

కోటేష్‌కు నవ్వు ఆగలేదు. "మా బాబాయినడిగితే రైతుకో పలక కోసిస్తాడ్లే."

"నోరు మూసుకోకపోతే దీంతోనే నీ నెత్తి పగలగొడతా!"

ప్రేమ్‌చంద్ లేచి తలుపు మూసి వచ్చాడు. కళ్లజోడు తుడిచి పెట్టుకున్నాడు. "రేపు వేదిక మీద ఈ పలకే పెట్టి చూపించండి. అక్కడ గండం గట్టెక్కితే చాలు. లోపాలు తరువాత సరిదిద్దుకుందాం."

ఫర్హానాకు చెవులు వేడెక్కాయి. అంతవరకూ జరిగింది పొరపాటు. అందులో తన వాటా తనకుంది. ఈ మాట మాత్రం పొరపాటు కాదు.

"రేపటినుంచి ఊరూరా దీన్ని ఫోన్లలో వేసుకుంటారు సార్. చేలో రాయెక్కడుంటుంది? రాయి లేకపోతే తెగులే లేదంటుంది. పీకాల్సిన మొక్కను నీళ్లు పెట్టి పెంచుకుంటారు!"

"వీసీ గారొస్తున్నారు, కలెక్టర్ గారొస్తున్నారు. నీ థీసిస్ మీద సంతకం చెయ్యాల్సింది నేను. అది గుర్తుపెట్టుకుని మాట్లాడు."

"ఆ సంతకం మీ దగ్గరే ఉంచుకోండి."

ఆమె అక్కడే రైతుల వాట్సాప్ గ్రూపు తెరిచి, మైకు గుర్తును నొక్కిపట్టింది. "నమస్కారమండీ, ల్యాబు నుంచి ఫర్హానాను. మా యాప్ తప్పు చెబుతోంది. అది బాగుందన్నా సరే, ముడుచుకున్న మొక్కను పీకెయ్యండి. రేపు మీటింగులో ఏం చూపించినా నమ్మొద్దు. తప్పు మాదే."

"పంపేశావా?" ప్రేమ్‌చంద్ ఫోన్ కోసం చెయ్యి చాపాడు. "డిలీట్ చెయ్యి! ముందు డిలీట్ చెయ్యి!"

ఈలోగా జవాబు వచ్చింది. మార్టూరు వైపు కౌలుకు మిరప వేసిన గురవమ్మ గొంతు. ఫర్హానా శబ్దం పూర్తిగా పెంచింది.

"ఏందమ్మాయ్, ఇప్పుడా చెప్పేది? మా ఆయన పీకబోతుంటే నేనే గదా ఆపింది, పెద్ద చదువులోళ్ల ఫోను బాగుందని చెప్పిందయ్యా అని! చేనంతా అంటుకుపోయింది గదమ్మా! మీ ల్యాబు తగలెయ్య! ఎవడమ్మా మీ పెద్దసారు? పిలు వాణ్ణి!"

కోటేష్ ముఖంలో నవ్వు ఎప్పుడో ఆరిపోయింది. ఫర్హానా ఫోన్‌ను ప్రొఫెసర్ ముందుకు జరిపి, మైకు గుర్తు మీద వేలు ఆనించి పట్టుకుంది.

"మాట్లాడండి సార్," అంది. "రికార్డవుతోంది."