బస్సులోనే కూర్చోమన్నారు

వరంగల్ నుంచి విశాఖపట్నం చూడటానికి వచ్చిన టూర్ బస్సులో అందరికంటే పెద్దావిడ పరకాల ఊరి బడేబీ. పొద్దున కొండ దగ్గర టూర్ నడిపే మధు, "మెట్లున్నయమ్మా, మీరు బస్సుల్నే కూసోండ్రి" అన్నాడు. సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గరా అదే మాట. రెండుసార్లూ ఆమె బస్సులోనే కూర్చుంది. మధ్యాహ్నం హార్బర్‌లో అందరూ పడవ ఎక్కబోతుంటే మళ్లీ అదే అనేసరికి ఆమెకు ఒళ్లు మండింది.

"పరకాలల బస్సుల్లేవా బిడ్డా? సీట్ల కూసునేటందుకు గింత దూరమొస్తనా?"

"జారి పడితే ఎట్లమ్మా? మీ మంచికే చెప్తున్న."

"ఎక్కుతవా అని ఒక్కసారన్న అడిగినవా నన్ను?"

బడేబీ చేతికర్ర పట్టుకుని బస్సు దిగింది. మనవరాలు రుహీ చేయందిస్తే విదిలించుకుంది, పడవ అంచు దగ్గర మాత్రం తానే ఆ చేయి పట్టుకుంది.

పడవ ఓడల మధ్యకు వెళ్లినా ఆమె కోపం చల్లారలేదు.

"పొద్దటి రెండు జాగలు నాకెవలు సూపిస్తరు?"

సాయంత్రం సబ్‌మెరైన్ దగ్గర బస్సు మళ్లీ ఆపిస్తానన్నాడు మధు, తల దించుకుని.

"ఆపు. ఎక్కుతనో లేదో నేను జూసుకుంట" అంది బడేబీ, ఓడల మీదినుంచి చూపు తిప్పకుండా.